తిప్ప మీద తోలేవాడు

తుంగభద్రకు కొత్త నీళ్లు వచ్చిన వారంలోనే, ఏటి నడిమి తిప్ప మీద జింకలు చిక్కుకున్నాయన్న కబురు ఊరంతా పాకింది. ఎండాకాలంలో ఏరు సన్నబడినప్పుడు పచ్చిక కోసం దాటిపోయిన మంద అది. పైన హోస్పేట దగ్గర కొత్తగా కట్టిన ఆనకట్ట నుంచి నీళ్లు వదిలేసరికి అక్కడే నిలిచిపోయింది. ఎమ్మిగనూరుకు ఉత్తరాన, ఏటి ఒడ్డునున్న ఆ ఊరి బోయగేరి ఇళ్లలో ఒకప్పుడు ఇలాంటి కబురుకు మంచం పట్టినవాడు కూడా లేచి విల్లు దించేవాడు. ఇప్పుడు విన్నవాళ్లంతా "ఔనా" అని ఊరుకున్నారు. సగంమంది ఆదోని జిన్నింగ్ మిల్లులకు, మిగతా సగం కాలువ తవ్వే పనికి పోతున్నారు. విల్లు దించింది సుంకన్న ఒక్కడే.

సుంకన్న ఒంటికాయ శొంఠికొమ్ము. పెళ్లాం కాన్పులో పోయింది, మళ్లీ చేసుకోలేదు. ఉన్న తోడల్లా చెల్లెలు ఈరమ్మ, ఆమె మొగుడు వీరన్న. వీరన్న బావే కాదు, వేటలో జోడు కూడా. ఒకరినొకరు తిట్టుకోనిదే ఆ ఇద్దరికీ పొద్దు గడిచేది కాదు. పోయిన ఏడు ఇదే కాలంలో, ఇదే తిప్ప నుంచి వస్తుండగా ఇద్దరూ ఎక్కిన తోలుపడవ, పుట్టి, తిరగబడింది. సుంకన్న ఒడ్డు పట్టుకున్నాడు. వీరన్న పట్టుకోలేకపోయాడు. శవం దొరకలేదు.

దొరకలేదు కాబట్టి ఈరమ్మ గాజులు తియ్యనివ్వలేదు. "నా మొగున్ని సూపిచ్చండప్పా, అప్పుడు పగలగొట్టుకుంటా" అని పెద్దమనుషుల మొహానే అనేసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్లు చెరో మూల కూర్చుని సంగటి తింటున్నారు. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఉన్న మనిషి ఒక్కడే, అతనేమో లేడు.

సుంకన్న పుట్టిని బోర్లించి, తోలు చిట్లినచోట కుట్టు వేసి తారు పూశాడు. వింటికి కొత్త నారి పేనాడు. సాయంత్రాలు ఒడ్డున కూర్చుని గాలి ఏ పక్కకు మళ్లుతుందో చూశాడు. చేతులకు పని దొరికాక ప్రాణం కాస్త కుదుటపడింది. ఒక్కటే కొదవ. జింక వేట ఒక్కడితో అయ్యేది కాదు. ఒకడు మాటున విల్లు పట్టుకుని కూర్చోవాలి, ఇంకొకడు వెనక నుంచి మందను తోలాలి.

మిల్లు పనికి పోయే హుసేనప్ప ఇంటికి పోయి తోడు రమ్మని అడిగాడు.

"మిల్లు ఇడిసిపెట్టి రాలేనప్పా," అన్నాడు హుసేనప్ప. "నువ్వు గూడా ఒంటిగా పోవాకు. ఆ తిప్ప మంచిది గాదు."

"తిప్ప ఏం జేసిందిరా? సేసింది ఏరు."

"ఏదో ఒగటి. నేను రాను, నువ్వు పోవాకు."

ఆ గేరిలో పాత కట్టుబాటు ఒకటి ఉండేది. వేటకు ముందురోజు వాకిట్లో కంబళి పరిచి, పోయేవాళ్లు తలా ఒక అంబు, తమ బాణం, దాని మీద పెట్టి పేరు చెప్పాలి. అంబు పెట్టినవాడు వేటలో ఉన్నట్టే. ఆ తర్వాత జ్వరమొచ్చి మూలిగినా సరే, వాడి పోగు మాంసం వాడికి పోవాల్సిందే. ఒంటిగా పోకూడదు గనక, ఒక్క అంబుతో మాత్రం ఎవరూ కంబళి చుట్టరు.

సుంకన్న తన అంబు పెట్టి పేరు చెప్పాడు. ఒంటిగా పడున్న దాన్ని చూస్తే తనను తానే చూసుకున్నట్టయింది. ఎంతసేపు చూశాడో, లోపలికి పోయి చూరులో దోపిన వీరన్న అంబు తీసుకొచ్చి పక్కన పెట్టాడు. "వీరన్న" అన్నాడు. కట్టు నిలబెట్టడానికే అన్నాననుకున్నాడు. నిజానికి ఆ పేరు పైకి అని చాలా రోజులైంది, అనాలనిపించింది.

గడపలో నిలబడి ఈరమ్మ అంతా చూసింది. భరిణ తెచ్చి రెండు అంబులకూ కుంకుమ పెట్టింది.

మర్నాడు ఎండ వాలాక పుట్టి నీళ్లలోకి దించుతుంటే ఒడ్డు దాకా వచ్చింది.

"ఆయప్ప కనపడితే తోడుకోని రా అన్నా."

"సరే లే" అన్నాడు సుంకన్న, పిచ్చిదాన్ని ఏమంటాం అనుకుని.

ఏరు నిబ్బరంగా ఉంది. తెడ్డు వేస్తూ పోతూ పోతూ నడి ఏట్లోకి వచ్చాక గానీ అతనికి తట్టలేదు. గుండ్రటి పుట్టిలో ఒక్క మనిషే ఉంటే అది గిరగిర తిరుగుతుంది. అందుకే ఎదురుగా ఇంకొకడు కూర్చోవాలి, లేదంటే బరువుకు రాతిగుండైనా పెట్టుకోవాలి. గుండు పెట్టుకోవడం మరిచిపోయాడు. పుట్టి మాత్రం తిరగడం లేదు. గీత గీసినట్టు తిన్నగా తిప్పకేసి పోతోంది.

సుంకన్న ఎదుటి అంచు వైపు చూడలేదు. తెడ్డు వైపే చూస్తూ వేశాడు.

తిప్ప చేరేసరికి పొద్దు గుంకింది. గాలి తను లెక్కగట్టినట్టే ఎదురు నుంచి వస్తోంది. జమ్ము చాటున మాటు వేసి కూర్చున్నాడు. కుళ్లిన ఆకుల వాసన, బురద వాసన. కప్పలు ఒక్కసారిగా అరిచి, ఒక్కసారిగా ఆగిపోయాయి. వెలుతురు కొంచెం కొంచెంగా ఇంకిపోతోంది. తోలేవాడు లేకుండా జింకలు ఎందుకొస్తాయి? ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? ఇంట్లో కూర్చోలేక వచ్చానని అతనికి తెలుసు.

అప్పుడు వినపడింది.

ట్ట... ట్ట... ట్ట...

అంగిటికి నాలుక కొట్టే చప్పుడు. ఒక్కొక్క తోలేవాడిది ఒక్కో రకం. ఇది వీరన్నది.

జింకలు వచ్చాయి. దూకుతూ కాదు... సంతకు తోలిన గొర్రెల్లా నడుచుకుంటూ వచ్చాయి. వాటి వెనక నుంచి గాలితో పాటు తడిసిన కంబళి వాసన వచ్చింది. సుంకన్న చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. నారి మోగింది. ముందున్న నల్లటి పోతు మోకాళ్ల మీద కూలింది.

మిగతావి బెదరలేదు. పారిపోలేదు. అంబు కంటే వాటికి వెనకున్నదే ఎక్కువ భయం.

"బావా..."

"ఊఁ" అన్నాడు సుంకన్న. నోటికి అలవాటు, దానంతట అదే పలికింది.

"తగిలిందే... నీ గురి ఎప్పుడూ వంకరే గదప్పా..."

సుంకన్నకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఏడాదిగా తనను వెక్కిరించినవాడు లేడు. "నువ్వు తోల్తే గుడ్డోనికైనా తగుల్తాది లే," అన్నాడు గుసగుసగా. "యాడుండావు? కనపడు."

"వద్దు... సూడలేవు."

జమ్ములో ఏదో కదిలింది. చుక్కలు చుక్కలుగా నీళ్లు కారుతున్న చప్పుడు.

"ఈరమ్మ గాజులు... తీసేసినారా?"

"లేదు. తియ్యనీలేదు."

"అట్లయితే... ఇంగా నా ఇల్లే."

సుంకన్న విల్లు నేల మీద పెట్టాడు.

"నా పోగు వద్దు బావా... నన్ను దాటిచ్చు. సాలు."

అప్పుడు గమనించాడు. మాటకూ మాటకూ నడుమ మనిషి ఊపిరి పీలుస్తాడు. ఆ గొంతు పీల్చడం లేదు. వీరన్న మీద ఎంత ప్రేమ ఉన్నా, గడపలో నిలబడిన చెల్లెలు కళ్లలో మెదిలింది. ఆమె వాకిట్లోకి దీన్ని తీసుకుపోవడమా?

"పోతును ఎత్తుకోని రా," అన్నాడు. "నేను పోయి పుట్టి దించుతా."

విల్లు అక్కడే వదిలేశాడు. నాలుగడుగులు నడిచి, ఇక ఆగలేక పరిగెత్తాడు. పుట్టిని తోసి ఎక్కి, చేతికి వచ్చినట్టల్లా తెడ్డు వేశాడు.

"బావా..." ఒడ్డు నుంచి వచ్చింది గొంతు. కోపం లేదు, అదే భరించలేకపోయాడు. "మళ్లా ఇడిసిపెట్టి పోతాండావా..."

పుట్టి తిరిగింది. గిరగిరా తిరిగింది. ఆకాశమూ నీళ్లూ ఒకటయ్యాయి. ఆ తిరుగుడుకు సుంకన్న ఏడుస్తూనే నవ్వాడు. పుట్టిలో తనొక్కడే ఉన్నాడు! ఏరు అతన్ని ఊరికి ఎంతో దిగువన ఒడ్డుకు కొట్టింది.

ఇల్లు చేరేసరికి ఈరమ్మ దీపం పెట్టుకుని కూర్చుని ఉంది.

"కనపడినాడా?"

"ఎవురూ లేరు." ఆమె ఎదుట చతికిలబడ్డాడు. "ఈరమ్మా, నా మాట ఇను. ఆ గాజులు తీసెయ్ తల్లీ. ఇప్పుడే తీసెయ్."

"యాల?"

ఎందుకో చెబితే ఆమె భయపడదని, పరిగెత్తి ఏట్లోకే దిగుతుందని అతనికి తెలుసు. పొద్దున్నే పెద్దమనుషుల్ని పిలిచి, కాళ్లావేళ్లా పడైనా తీయించాలనుకున్నాడు. ఆమె చేతులు కొంగులో దాచుకుని గోడకు తిరిగి పడుకుంది. అతను తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

తెల్లారగట్ల కుక్కలు మొరగడం ఆపేశాయి. ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది. పక్కన తలుపు బార్లా తీసి ఉంది. ఈరమ్మ వాకిట్లో నిలబడి ఏటికేసి చూస్తోంది.

జింకలు ఏరు దాటుతున్నాయి. తరిమినా వరదలోకి దిగని జింకలు, తలలు మాత్రం పైకెత్తి, వరసగా ఈదుకుంటూ వస్తున్నాయి. ముందొచ్చినవి ఒడ్డెక్కి, నీళ్లోడుతూ, గేరిలోకి నడిచి, సరిగ్గా వాళ్ల వాకిలి ముందు ఆగాయి. మనుషులంటే వాటికి లెక్కేలేదు. అన్నీ వణుకుతూ వెనక్కే చూస్తున్నాయి.

తోలేవాడెప్పుడూ మంద వెనకాలే వస్తాడు.

ఈరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడాది తర్వాత మొదటిసారి ఆమె మొహంలో కళ కనిపించింది. గబగబా లోపలికి పోయి పొయ్యి ఊదడం మొదలుపెట్టింది.

"అన్నా," అంది లోపల్నుంచి, "ఆ పెద్ద కాగు యాడ పెట్టినావు? ఆయప్పకు నీళ్లు కాంచాల."