జోగుమ్ నాడు రండి

ఫారం మీద గ్యుహో రాసిన రెండు మాటలు చూసి మిరాన్‌కు ఒళ్లు మండింది.

ఆ దీవిలోని ఆరోగ్య కేంద్రానికి మిరాన్ ఒక్కతే నర్సు. గ్యుహో సియోల్ నుంచి వచ్చిన పరిశోధకుడు. మంచి వైద్యం పుస్తకాల్లో ఉంటే చాలదు, పడవ దిగి చివరి ఇంటిదాకా ఎలా చేరుతుందో తేల్చడం అతని పని. నెలకు రెండు మంగళవారాలు, ఉదయం పదింటికి బీపీ చూస్తామని కార్డులు పంచాడు. ముప్పై ఒక్కమంది అవ్వల్లో నలుగురే వచ్చారు. వాళ్లూ అతన్ని డాక్టరనుకుని నాలుక చాపి చూపించి వెళ్లారు. మిగతావాళ్ల పేర్ల పక్కన అతను 'ఆసక్తి లేదు' అని రాశాడు.

"వాళ్లని అడిగారా?" అంది మిరాన్.

"రాకపోతే ఇంకేమని రాస్తామండీ?"

"రాలేదని రాస్తారు."

అతను తల వంచి ఆ మాట కొట్టేశాడు. వాదనకు సిద్ధమై వచ్చిన మిరాన్ కోపం అక్కడితో దిగిపోయింది.

మర్నాడు అతన్ని బురద తీరానికి తీసుకెళ్లింది. ఆటుకు నీరు వెనక్కి పోయిన మేర అవ్వలు నడుములు వంచి చిన్న ఆక్టోపస్‌లు పడుతున్నారు. మిరాన్ తల్లి కూడా అక్కడే పనిచేసేది. ఒక ఉదయం అక్కడే కూలిపోయింది. ఆమె బీపీ ఎంతో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి మిరాన్ ముక్తసరిగా చెప్పింది. ఓదార్పు మాటలకు బదులు అతను ఆ తల్లి పేరు అడిగాడు. అది ఆమెకు నచ్చింది.

బోంగ్నే అవ్వ బుట్ట దించి అతన్ని ఎగాదిగా చూసింది. "నీ మంగళవారం మాకు ఆరో నీరు బాబూ. నీ కార్డు చూసి సముద్రం ఆగుతుందా?"

అవ్వలకు వారాలతో పనిలేదు. ఒకటో నీరు, రెండో నీరు అంటూ ఆటుపోట్లతోనే రోజులు లెక్కపెడతారు. ఆరో నీటికి సముద్రం బాగా వెనక్కి పోతుంది, బురదలో పని ఎక్కువ. నీరు అంతగా వెనక్కి పోని రోజు జోగుమ్. ఆ రోజు బురదలో పని ఉండదు. ఇక్కడే పుట్టిన మిరాన్‌కు ఇదంతా తెలుసు. సియోల్‌లో అచ్చయిన తేదీని మార్చవచ్చని మాత్రం తట్టలేదు. తప్పులో తనకూ వాటా ఉందని ఒప్పుకుంది.

గ్యుహో కొత్త కార్డుల మీద 'జోగుమ్ నాడు రండి' అని చేత్తో రాశాడు. తొలి జోగుమ్‌కే ఇరవై ఆరుగురు వచ్చారు. ముగ్గురికి వెంటనే మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది.

"అసలు పరీక్ష ఇప్పుడే," అన్నాడతను మిరాన్‌తో, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడి. "నేను లేకుండా ఆరు నెలలు నడిస్తేనే ఇది నిలిచినట్టు. లేకపోతే దీవికి మందులు ఆపేస్తారు. అందాకా నేను రాకూడదు, ఫోనూ చేయకూడదు."

"అవ్వల గురించి చేయకూడదా, అసలే చేయకూడదా?"

"చేస్తే అవ్వల గురించే అడిగేస్తాను."

"ఇంకేమీ అడగడం రాదా మీకు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

చలికాలం మంచుకు పదకొండుమందే వచ్చిన రోజున మిరాన్ ఫోను చేతిలోకి తీసుకుంది. మళ్లీ కింద పెట్టి, సాయం అడగడానికి బోంగ్నే అవ్వ ఇంటికి నడిచింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి అవ్వా పొరుగింటి అవ్వ చెయ్యి పట్టుకుని తెచ్చింది. వసంతానికి ఇరవై ఎనిమిదిమంది అయ్యారు.

ఆరు నెలలు నిండాక ఒక జోగుమ్ నాడు గ్యుహో ఫారాలేవీ లేకుండా ఉత్తచేతులతో పడవ దిగాడు. దీవికి మందులు కొనసాగుతాయని చెప్పి, అందరూ ఎలా ఉన్నారని అడిగాడు.

"నువ్వు లేవని మాకెవరికీ బీపీ పెరగలేదు బాబూ," అంది బోంగ్నే అవ్వ. "ఈ పిల్లకే పెరిగింది. పడవ కూత వినబడితే చాలు, కిటికీ దగ్గరే."

"అవ్వా," అంది మిరాన్. కాదని మాత్రం అనలేదు.

గ్యుహో బూట్లు విప్పి, వరసలో అవ్వల వెనక కూర్చున్నాడు.

"ఇంతమందీ అయ్యేసరికి ఆఖరి పడవ వెళ్లిపోతుంది," అంది మిరాన్.

"వెళ్లనివ్వండి."