శుక్రవారపు గోనె

శనివారం ఒక్కటి మిగలకుండా ఏరేసిన కుక్క చెవుల్లోకి, వచ్చే శనివారానికల్లా మళ్లీ పదిహేను పిడుదులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

అనకాపల్లి బెల్లం వర్తకుడు త్రినాధరావు గారింట నెల రోజులుగా ఎవ్వరూ జవాబు చెప్పలేని ప్రశ్న ఇది. ఆయన కూతురు యశస్విని మాత్రం దోషిని ఎప్పుడో నిర్ణయించుకుంది. సాక్ష్యం కోసమే ఆగింది.

దోషి పేరు తారక్. కశింకోట రైతుబిడ్డ, వెటర్నరీ డిప్లొమా చదివినవాడు. శనివారం శనివారం వచ్చి, దిమ్మ అనే ఆ బెల్లం రంగు కుక్కను ఒళ్లో పడుకోబెట్టుకుని, వెంట్రుకలు ఎదురు దువ్వి, పట్టకారును చర్మానికి ఆనించి పిడుదును పట్టి, మెలితిప్పకుండా తిన్నగా లాగి స్పిరిట్ సీసాలో వేసేవాడు. ఆ నిదానానికి ఆమెకు ముచ్చటేసేది. ముచ్చటేసినందుకు అనుమానం రెట్టింపయ్యేది. చూపులు కలిస్తే అతని పట్టకారు జారేది. పని తెలిసిన చెయ్యి ఊరికే జారుతుందా? పైగా, ఆ సీసాను జేబులో వేసుకుపోవడం దేనికి?

నాలుగో వారం దిమ్మకు పిడుదుల జ్వరం తగిలింది. రక్తపరీక్ష, ఇంజెక్షన్లు అయినా మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు. వానలో తడిసి వచ్చిన తారక్‌ను యశస్విని గుమ్మంలోనే నిలబెట్టింది.

"మళ్లీ మళ్లీ పిలిపించుకోవడానికి మీరే తెచ్చి వదులుతున్నారు. అవునా?"

తారక్ నవ్వలేదు. "నేను తేలేదండి. కానీ ఎక్కణ్ణించి వత్తన్నాయో నాకు తెలుసు."

దిమ్మ కింది గోనెను మెల్లగా లాగి పరిచాడు. అంచున మూడు నీలి చుక్కలు.

"ఇది మీ కొట్టుకి బెల్లం పంపే మా నూకరాజు మామ గుర్తు. బెల్లం మీద కప్పి పంపేదాకా, బెల్లం వండే సాలలో మా కుక్కలు దీనిమీదే తొంగుంటాయి."

శుక్రవారం శుక్రవారం పాత పక్క తీసేసి, కొట్లో సరుకుతో దిగిన గోనె ఒకటి తెచ్చి దిమ్మకు వేస్తున్నది యశస్వినే. అది తన శుభ్రత అనుకుంది.

"మీకెప్పుడు తెలిసింది?"

"రెండోవారం." తల వంచుకున్నాడు. "సీసా మామకి సూపించేను. సాలలో మందు కొట్టించేను, అయినా పూర్తిగా పోలేదు. మీకు సెప్పేత్తే ఇంక నన్నెందుకు పిలుత్తారు? మిమ్మల్ని సూడ్డానికే వచ్చేవాణ్ణి. జ్వరందాకా వత్తాదనుకోలేదు."

"డిప్లొమా చదివి, అనుకోలేదా?"

తారక్ గోనెను వేన్నీళ్లలో ముంచి, గది మూలలన్నీ కడిగి వెళ్లబోతుంటే, దిమ్మ కాళ్లీడ్చుకుంటూ వచ్చి అతని పాదం మీద తల వాల్చింది. యశస్విని పెరుగన్నం గిన్నె అతని చేతికిచ్చింది. దిమ్మ నాలుగు మెతుకులు తిన్నది.

"వచ్చే శనివారం రండి. పిడుదులుండవు. మరెందుకొచ్చారో నాన్నగారికి మీరే చెప్పుకోండి."

శనివారం వచ్చింది. దిమ్మ గిన్నె అడుగుదాకా నాకింది. కిటికీలోంచి తారక్ కనబడుతున్నాడు: పట్టకారు లేదు, సీసా లేదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఎవరమ్మా అని త్రినాధరావు గారు పేపరు మడుస్తున్నారు. యశస్విని చెయ్యి గడియ మీద ఆగింది. గోనె వేసింది తాను, తెలియక. నోరు మూసుకున్నది అతను, తెలిసి.

ప్రేమే కదా అని కరిగిపోకండి. మీ ఒళ్లో జ్వరంతో కాలుతున్న కుక్కను ఒక్కసారి తలుచుకుని చెప్పండి: ఆ గడియ తీయాలా, వద్దా?