కీకర్‌కోట నీటిచక్రం

చినాబు నదీతీరాన కోతకు వచ్చిన గోధుమచేలన్నీ శత్రువుల గుర్రాల డెక్కల కింద నలిగిపోయిన ఆ వైశాఖమాసంలో, కీకర్‌కోట అనే చిన్న పల్లె తన మట్టిగోడల నడుమ మూడువందల ప్రాణాలను దాచుకొని, పదిరోజులుగా ఊపిరి బిగబట్టి ఉన్నది. పల్లెను కాస్తున్న వృద్ధ సేనాపతి అనోఖ్ రాయ్ సాయం కోరుతూ రాజుకు పంపిన లేఖలను దీవాను బిధీచంద్ దారిలోనే చింపించివేశాడు. ఆ పాపాత్ముడు పుట్టింది ఈ పల్లెలోనే, పెరిగింది ఈ బావినీళ్లతోనే!

ఎద్దులు తిప్పే ఆ బావి నీటిచక్రం రేయింబవళ్లు టక్కుటక్కుమంటూనే ఉండాలి. అది ఆగిందంటే ఊరు పాడుపడినట్టేనని ఆ ఊరివాళ్లకే తెలిసిన నమ్మకం. అందుకే దీవాను శత్రునాయకుని చేరి, "చక్రం తిరిగినంతకాలం వాళ్లు ధైర్యం వదలరు. గోడ జోలికి పోవద్దు ప్రభూ, మీవారే చస్తారు. ఆగిన మరుక్షణం లోపలికి దూకండి" అని చెప్పి, ఊళ్లోని తన మనిషి చేత ఎద్దుల మేతలో విషం కలిపించాడు.

ఆనాటి మధ్యాహ్నం ఎద్దులు రెండూ నురగలు కక్కి కూలాయి. చక్రం ఆగింది. గోడ అవతల దాడికి సిద్ధం కమ్మని నగారా మోగింది.

"అయ్యా, ఈ చప్పుడు ఆగితే మన పని అయిపోయినట్టే. ఆ గుట్టు వాళ్లకు చెప్పినవాడు మా ఊరివాడే అయివుండాలి" అన్నది చక్రం నడిపించే ముసలమ్మ ఖేమో.

పడమట ఎర్రటి దుమ్ముతుఫాను లేస్తున్నది. సేనాపతి కత్తి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. "తల్లీ! ఈ దుమ్ము చాటున అందరినీ వెనుక దిడ్డి దాటించి నదికి చేర్చు. చక్రానికి వేలాడే నీళ్లకుండల మోకు కోయించు, చక్రం తేలికవుతుంది. రాజు నాకు అప్పగించింది ఈ గోడలను కాదు, మిమ్మల్ని. మీరు నది దాటేవరకు ఇది ఆగదు. ఇది నా మాట."

కళ్లు తిరగకుండా ఎద్దుకు కట్టే గంతలు తానే కట్టుకొని, కాడికి భుజమిచ్చాడు. టక్కు, టక్కు.

"చచ్చిన ఎద్దులు లేచాయా?" అని శత్రునాయకుడు దీవానుపై మండిపడ్డాడు.

"ఒకటి బతికివుంటుంది ప్రభూ, కాస్త ఆగండి" అన్నాడు దీవాను. సేనాపతి అంతటివాడు కాడి మోస్తాడన్న ఊహ ఆ కుత్సితుడికి ఎక్కడిది?

సాయంకాలానికి చక్రం ఆగింది. లోపలికి దూకినవారికి ఊరంతా ఖాళీగా కనిపించింది, కాడిమీద వాలిన వృద్ధుని శవం తప్ప. శత్రునాయకుడు వంగి చూసి సేనాపతిని గుర్తుపట్టాడు. తరువాత ఆ గంతలు విప్పి దీవాను కళ్లకు కట్టించాడు.

"నీ ఊరికి చేసిన ద్రోహం రేపు నాకూ చేస్తావు. తిప్పు!" కొరడా ఛెళ్లుమన్నది.

నది ఆవలి గట్టున, ఆగిన చప్పుడుకు గొల్లుమన్న జనం అది మళ్లీ వినబడగానే నిలిచిపోయారు.

"సేనాపతి బతికే ఉన్నాడు. మనకోసం ఇంకా తిప్పుతున్నాడు, నడవండి" అన్నది ఖేమో, ఆ కత్తిని గుండెకు హత్తుకొని.