రూబీ మార్చిన అంకె

అమ్మ రెండో జడకి రిబ్బను కడుతుండగా రూబీకి గీజరు గుర్తొచ్చింది. అంకె తగ్గించలేదు.

తణుకులోని వాళ్ళింట్లో పాత గీజరుకి వేడి తగ్గించే వీలుండేది కాదు. ప్రతిసారీ చన్నీళ్ళు కలుపుకోవాలి. తమ్ముడు పుట్టాక నాన్న ఎలక్ట్రీషియన్ వీరబాబుగారిని పిలిచి, బాత్‌రూమ్ బయట గోడకి కంట్రోలర్ పెట్టించారు. ముప్ఫై ఎనిమిది డిగ్రీలని పెడితే నీళ్ళు అంతకు మించి వేడెక్కవు. ఆ అంకెని పిల్లలు ముట్టుకోకూడదని గట్టిగా చెప్పారు.

కానీ ఈ ఉదయం బాగా చలి. రూబీ అంకెని అరవై ఐదుకి పెంచి, చన్నీళ్ళు కలుపుకుని స్నానం చేసింది. చర్చికి టైమవుతోందని అమ్మ కేకేస్తే అలాగే వచ్చేసింది.

చెబితే నాన్న ఊరుకోరు. జడ పూర్తవగానే మెల్లగా వెళ్ళి, మళ్ళీ ముప్ఫై ఎనిమిదికి నొక్కింది. అమ్మయ్య అనుకుంది.

వెనక వసారాలో అమ్మమ్మ పీట మీద కూర్చుంది. చాపిన కాళ్ళ మీద తమ్ముడు, ఒళ్ళంతా సున్నిపిండి. నాన్న కంట్రోలర్ వైపు చూసి, బకెట్ నింపి తెచ్చి అమ్మమ్మ పక్కన పెట్టారు. చలిరోజు కాబట్టి ఆవిరి ఎవరికీ వింతగా అనిపించలేదు. కంట్రోలర్ వచ్చాక నీళ్ళలో చెయ్యి పెట్టి చూడడం అందరూ మానేశారు.

రూబీ ఆ ఆవిరినే చూస్తోంది. అంకె తగ్గింది. నీళ్ళ వేడి తగ్గలేదు.

అమ్మమ్మ మగ్గు ముంచింది. మగ్గు తమ్ముడి పొట్ట మీదకి వస్తోంది.

"అమ్మమ్మా, పొయ్యకు. కాలుతుంది. నేనే వేడి పెంచాను."

మగ్గు ఆగింది. అమ్మమ్మ దాన్ని పక్కకి తీసి, వేలు ముంచి, చటుక్కున లాక్కుంది. తమ్ముడు కాళ్ళాడిస్తూనే ఉన్నాడు.

"ముప్ఫై ఎనిమిదే ఉంది కదే," అన్నారు నాన్న.

రూబీ అంతా చెప్పింది. ఎవరికీ తెలియకుండా తగ్గించానని చెప్పడమే కష్టమైంది.

నాన్న తిట్టలేదు. "అంకె తగ్గిస్తే లోపలి నీళ్ళు వెంటనే చల్లారిపోవమ్మా," అన్నారు. నేనైనా చెయ్యి పెట్టి చూడొద్దూ అని అమ్మమ్మ గొణుక్కుంది.

ఇంతలో లోపల చెప్పుల చప్పుడైంది. తువ్వాలు భుజాన వేసుకుని అమ్మ స్నానానికి వెళ్తోంది.

ఎవరూ చెప్పకముందే రూబీ పరిగెత్తి, బాత్‌రూమ్ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, ఆ అంకె నమ్మకు. నీళ్ళు ఇంకా మరుగుతున్నట్టే ఉన్నాయి. నేనొక పని చేశాను, చెబుతాను విను."