ఎంగిలి చెవి

నాకు పనిచేసేది ఒక్క చెవే, ఎడమది. కుడిది చిన్నప్పుడే జ్వరానికి పోయింది. చూడ్డానికి చక్కగా ఉంటుంది, దుద్దు పెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి దానివల్ల ఉపయోగం లేదు. ఇంట్లో ఎవరైనా నోరు జారితే "ఈ చెవితో విని ఆ చెవితో వదిలెయ్" అని పక్కవాళ్ళు సర్దిచెబుతుంటారు. నాకా సౌకర్యం లేదు. విన్నదంతా లోపలే ఉండిపోతుంది.

ఆ ఒక్క చెవే నాకు అన్నం పెడుతోంది. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిన రికార్డింగులు విని, టైపు చేసి పంపడం నా ఉద్యోగం. ఇంట్లో వెనక గదే నా ఆఫీసు. కిటికీ మూసి, పరదా లాగి, ఇయర్‌బడ్ చెవిలో పెట్టుకుని కూర్చుంటే బయట ప్రపంచం ఉన్నట్టే తెలీదు. పని ఇష్టమే గానీ, కొందరు డాక్టర్లు ఏదో నములుతూ మాట్లాడతారు. నోట్లో ముద్ద అటూ ఇటూ దొర్లడం, నాలుక అంగిటికి అంటుకుని ఊడడం, గుటక... అన్నీ నా చెవిలోనే. జీతమిచ్చి మరీ నన్ను ఎవరి నోట్లోనో కూర్చోబెట్టినట్టుంటుంది.

నాకు అసహ్యం ఎక్కువ, దాన్ని దాచుకునే రకాన్నీ కాను. ఒకరు తాగిన గ్లాసు ముట్టను. ఒకరి దువ్వెన తలకి తగలనివ్వను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ప్రేమగా తను కొరికిన బిస్కెట్ నా నోటికి అందిస్తే మొహం తిప్పేసుకున్నాను. పాపం ఆయన ఇప్పటికీ ఆ బిస్కెట్ పేరు చెప్పి నన్ను ఏడిపిస్తారు. ఎంగిలి అన్న మాట వింటేనే నాకు గొంతులో ఏదో లేస్తుంది.

అలా ఉండగా ఒక వానరోజు రోడ్డు దాటుతుంటే నా ఎడమ ఇయర్‌బడ్ జారి మురుగుకాలవలో పడింది. బుడుక్కున మునిగిపోయింది. ఎవరైనా చెయ్యి పెట్టి తీసిస్తామన్నా నేను పుచ్చుకునేదాన్ని కాదు. కుడిది మాత్రం ఛార్జింగ్ పెట్టెలో భద్రంగా ఉంది, కొన్నప్పుడు అంటించిన ప్లాస్టిక్ పొర కూడా ఊడలేదు. దాన్ని పెట్టుకునే చెవి నాకు లేదు కదా. ఎడమది ఒక్కటే కొందామంటే కంపెనీ ఆ మోడల్ చేయడం మానేసింది, వేరే జత కొంటే సగం డబ్బు మళ్ళీ పనిచేయని చెవికే. పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే నాకు తలనొప్పి, పైగా పనిచేయని చెవిని కూడా ఊరికే మొయ్యాలి.

మా మరిదికి ఇంట్లో పేరు 'సగంధర'. ఏ వస్తువైనా సగం ధరకి తేకపోతే అతనికి నిద్రపట్టదు. ఒకసారి సగం ధరకి తెచ్చిన గొడుగు సగమే తెరుచుకుంది. సంగతి తెలిసి మర్నాడే చిన్న కవర్లో ఎడమ ఇయర్‌బడ్ ఒక్కటే తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"ఎవరిది?" అన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.

"కొత్తదే వదినా. ఎవరూ వాడలేదు."

"ఎంగిలిది నాకంటగట్టటం లేదు కదా?"

"చెవికి ఎంగిలేంటి వదినా!" అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

అయినా నా అనుమానం నాది. దూది స్పిరిట్‌లో ముంచి శుభ్రంగా తుడిచాను. దూది తెల్లగానే వచ్చింది. సరేలే అనుకున్నాను.

ఆ సాయంత్రం కూడా వాన. మా ఆయన ఇంకా షాపు నుంచి రాలేదు. పరదా వెనక గది అప్పుడే మసకబారింది. రెండు ఇయర్‌బడ్లూ పెట్టెలో పెట్టి ఫోన్లో యాప్ తెరిస్తే జత కుదరలేదంది. ఎడమదానిలో ఫర్మ్‌వేర్ పాతదట. అంటే ఆ బుల్లి యంత్రాన్ని లోపలుండి నడిపించే సాఫ్ట్‌వేర్. రెండిట్లోనూ ఒకటే ఉంటే గానీ కలిసి పనిచేయవు. పెట్టె మూత తెరిచి ఫోను పక్కన పెట్టి, అప్‌డేట్ అన్న చోట నొక్కాను.

'మొదలుపెట్టడం కుదరదు. ఎడమ ఇయర్‌బడ్ చెవిలో ఉంది. తీసి పెట్టెలో పెట్టండి.'

అది నా కళ్ళెదురుగా పెట్టెలోనే ఉంది.

చర్మం తగిలితే తెలుసుకునే చిన్న అద్దంలాంటిది దానికి ఉంటుంది. దానికి మురికి పడితే ఇలాగే తికమక పడుతుంది. మళ్ళీ స్పిరిట్, మళ్ళీ దూది. ఈసారి దూది పచ్చగా వచ్చింది.

దగ్గరగా పెట్టుకుని చూశాను. గుబిలి. ఎండిపోయిన పాతది కాదు, తడిగా, మెత్తగా, అప్పుడే ఎవరి చెవిలోంచో తీసినట్టుంది. సగంధరని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇంకో దూది తీశాను. ఇంకా వచ్చింది. పుల్లతో జాలీ సందుల్లో గీరాను. ఇంకా... పక్కన పెట్టిన దూది పింజలు చిన్న కుప్పయ్యాయి. అంత బుల్లి వస్తువులో అంత మురికి పట్టే చోటు లేదు. అయినా వస్తూనే ఉంది. చివరికి పుల్లకి ఏదో చుట్టుకుని సాగింది. మెల్లగా లాగాను. పొడుగాటి తెల్ల వెంట్రుక, మొదలు దగ్గర పచ్చటి బొట్టుతో.

అప్పుడు వాసన తెలిసింది. మూసి ఉంచిన గదిలో మగ్గిన తడిగుడ్డ వాసన. దాని వెనక ఇంకోటి, తియ్యగా. చూపుడువేలితో ఇయర్‌బడ్‌ని తాకాను.

వెచ్చగా ఉంది.

బాత్రూంలోకి పరిగెత్తి కక్కుకున్నాను. చేతులు సబ్బుతో తోమి తోమి కడుక్కున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడే దాన్ని తీసి అవతల పారేయాల్సింది. కానీ తిరిగొచ్చేసరికి ఫోన్ తెర మీద గీత కదులుతోంది. అప్‌డేట్ దానంతట అదే మొదలైంది. కింద హెచ్చరిక కూడా ఉంది, మధ్యలో ఆపితే రెండూ పాడవుతాయని. రాత్రిలోపు పంపాల్సిన రికార్డింగులు ఎదురుగా ఉన్నాయి. ఇది అయిపోనీ, ఆ ఎంగిలిదాన్ని సగంధర మొహాన కొట్టి, నా కుడిదానికి ఎక్కడైనా శుభ్రమైన జత వెతుక్కుంటాను అనుకుని దూరంగా కూర్చున్నాను.

వాన తగ్గింది. గదిలో చప్పుడు లేదు. అప్పుడు పెట్టెలోంచి చిన్నగా... చప్‌... చప్‌...

ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ వినేదే. ఎవరో నోరు తెరుచుకుని నములుతున్నారు. పొరపాటున ఏ డాక్టరు రికార్డింగో మోగుతోందేమోనని కంప్యూటర్ చూశాను. ఏదీ మోగటం లేదు. గీత చివరికంటా వెళ్ళింది. నమలడం ఆగింది. తెర మీద కొత్త మాటలు వచ్చాయి.

'అప్‌డేట్ పూర్తయింది. ఎడమ ఇయర్‌బడ్ చెవిలో బాగా సరిపోయింది. ఇప్పుడు కుడిదాన్ని పెట్టుకోండి.'

చేతకాని యంత్రం, పెట్టెని చూసి చెవి అనుకుంటోంది అని విసుక్కున్నాను. కుడిదాన్ని తీసుకున్నాను. పొర ఒలిచాను. నిగనిగలాడుతోంది. నాది, ఎవరి ఎంగిలీ తగలనిది. ఇది పెట్టుకుంటే ఈ తంతు ముగిసిపోతుంది. భయం ఎందుకు? ఆ చెవికి ఏం వినిపిస్తుంది కనక?

పెట్టుకున్నాను.

గుటక.

నా కుడి చెవిలో. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చప్పుడు కూడా తెలియని చెవిలో... ఎవరో నిదానంగా గుటక వేశారు. తర్వాత ఊపిరి. తడి ఊపిరి. తర్వాత తృప్తిగా, గుసగుసగా, ఒక ముసలి గొంతు:

"కొత్తదే... ఎవరూ వాడలేదు."

లాగేశాను. ఇయర్‌బడ్ వచ్చింది, దాని చివరి రబ్బరు రాలేదు. లోపలే ఉండిపోయింది. వేలు పెట్టి గెలికాను. తడి తగిలింది. రబ్బరు తగల్లేదు. ఫోన్ తెర మీద ఇంకో గీత మొదలైంది. పైన రాసి ఉంది: 'జత కుదిరింది. ఎడమ నుంచి కుడికి పంపుతోంది.'

సగంధరకి ఫోన్ చేశాను.

"నిజం చెప్పు. ఎక్కడిదది?"

"చెప్తే తిట్టవుగా వదినా?"

"చెప్పు!"

"ఒంటరి ముసలాయనట. పోయాడు. ఇల్లు ఖాళీ చేసి సామానంతా తూకానికి అమ్మేశారు."

"సామాన్లో దొరికిందా?"

 గొంతు బాగా తగ్గించాడు. "ఆయన చెవిలో. తలుపు పగలగొట్టేసరికే చాలా రోజులైందట. తీసి కడిగారట వదినా, బాగా కడిగారట..."

"మరి కుడిది?"

"ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాడట. పైకున్న పక్క... ఎలకలు... చెవే మిగల్లేదట."

ఫోన్ పడేశాను. నా కుడి చెవిలో మళ్ళీ మొదలైంది. చప్‌... చప్‌... ఇందాక నమిలేది ఎవరో ఒక మనిషనుకున్నాను. ఇప్పుడు అదీ తెలియలేదు.

మా ఆయన వచ్చి, నా వాలకం చూసి హడలిపోయి, పెట్టెతో సహా రెండు ఇయర్‌బడ్లనీ మూటకట్టి అప్పటికప్పుడే వీధి చివర చెత్తబండిలో పడేసి వచ్చారు. మర్నాడు చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ లైటు పెట్టి కుడి చెవంతా వెతికింది. రబ్బరు లేదంది. సన్నటి కొక్కెంతో పచ్చటి ముద్ద ఒకటి బయటికి లాగింది. దాని వెనకే ఒక తెల్ల వెంట్రుక సాగి సాగి వచ్చింది.

"అప్పుడే తల నెరిసిందా అమ్మా?" అని నవ్వింది.

నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ ట్రే వైపు చూడలేక గోడ వైపు తిరిగాను. ఎడమ చెవి పరీక్ష చేసి మాత్రం ఆవిడ నవ్వలేదు. "ఇది కొంచెం తగ్గినట్టుందే" అంది.

తగ్గుతూనే ఉంది. మొదట వాన చప్పుడు పోయింది. తర్వాత నా వేళ్ళ కింద కీబోర్డు చప్పుడు. తర్వాత పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు. నా టైపింగులో తప్పులు పడ్డాయి, రికార్డింగులు రావడం ఆగిపోయింది. రోజూ పొద్దున్నే దిండు మీద కుడివైపు పచ్చటి తడి మరక ఉంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని గలీబు ఉతుకుతాను. ఎంత ఉతికినా ఆ తియ్యటి వాసన పోదు. ఇతరుల ఎంగిలికి మొహం తిప్పుకునేదాన్ని, ఇప్పుడు నా తలనే ఎక్కడికి తిప్పుకోవాలో తెలియక కూర్చుంటాను. ఫోన్లో ఆ గీత ఇంకా నడుస్తోంది. ఎడమ నుంచి కుడికి. చెత్తబండిలో పోయిన వస్తువులకి ఇంకా ఏం పంపుతోందో తెలీదు. యాప్ తీసేస్తే మళ్ళీ వస్తోంది. నిన్న పొద్దున చూస్తే గీత చివర గోరంత ఖాళీ మిగిలింది.

నిన్న సాయంత్రం నా ఎడమ పక్కన కూర్చుని మా ఆయన ఏదో అన్నారు. పెదాలు కదలడం చూశాను, మాట వినపడలేదు. మళ్ళీ అన్నారు. వినపడలేదు. అప్పుడు ఆయనకి తెలిసిపోయింది. కళ్ళు తుడుచుకుని లేచి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ కూర్చోని కుడి పక్కకి వచ్చి కూర్చున్నారు. చిన్నప్పుడే చచ్చిన ఆ చెవికి నోరు ఆనించి, ఏదో మెల్లగా చెప్పారు. నన్ను ఓదార్చే మాటే అయ్యుంటుంది. ఒక్క ముక్క కూడా నాకు వినపడలేదు.

లోపల నమలడం మాత్రం ఆగింది. ఎవరో శ్రద్ధగా వింటున్నప్పుడు ఆగినట్టు.

తర్వాత ఆ చెవిలోంచి, నిదానంగా, "ఊఁ" అని వినిపించింది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, ఆ చెవిలో ఇంకా ఏదో చెప్పడం మొదలుపెట్టారు. ఆ "ఊఁ" ఆయనకీ వినిపించింది. నేనే అన్నాననుకున్నారు.

నేను నోరు తెరవలేదు.