దర్జీ కొట్టు దాకా

మాకప్పుడు పదిహేడేళ్లు. సరస్సు ఒడ్డునున్న మా మ్వాంజా ఊళ్లో కుర్రకారు నడవడమే మానేసిందని, పక్కవీధికి కూడా బైక్ టాక్సీ ఎక్కుతోందని పెద్దవాళ్లకు బెంగ పట్టుకుంది. దార్ ఎస్ సలామ్ నుంచి ఎవరో ప్రాజెక్టు వాళ్లొచ్చి మా స్కూల్లో నడక పోటీ పెట్టారు. ఒక్కొక్కరి చేతికి ఒక రబ్బరు పట్టీ. అది అడుగులు లెక్కపెడుతుంది, ఎక్కడెక్కడ తిరిగామో గీత గీసి కంప్యూటర్‌కి పంపుతుంది. ఇద్దరిద్దరు ఒక జట్టు. చీటీలు తీస్తే, మగేసా అని నా పేరున్న చీటీ కెమిలెంబేకి వచ్చింది.

చీటీ చూసి ఆ పిల్ల నుదురు కొట్టుకుంది.

"వీడా? టీచర్, వీడు రొట్టె కొనడానికి కూడా బైక్ ఎక్కుతాడు!"

"వాన పడినప్పుడే," అన్నాను.

"రోజూ పడుతుందా వాన?"

"నాకు పడుతుంది."

క్లాసంతా నవ్వింది. కెమి మాత్రం మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. నవ్వు దాచుకోవడానికేనని నాకు అర్థమైంది. పదకొండేళ్లు గడిచినా ఆ కిటికీ, ఆ జడ, ఆ పక్క మొహం అలాగే గుర్తున్నాయి.

జట్టులో ఇద్దరూ రోజూ కలిసి లెక్క రాసి ఇవ్వాలి. అందుకని సాయంత్రం కెమి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. వాళ్లమ్మ నర్సు. చేతిలో సూది ఉన్నా లేకపోయినా ఆవిడంటే నాకు హడలే. "షికమో, అమ్మా," అని వంగి పలకరిస్తే, "మరహబా," అని బదులిచ్చి, అల్లం టీ పోసి ఎదురుగా కూర్చునేది. నేను లేవగానే మాత్రం కూతురికి చెప్పేది.

"వచ్చినవాణ్ణి గుమ్మంలోంచే పంపేస్తామా? దర్జీ కొట్టు దాకా సాగనంపి రా."

దర్జీ కొట్టు మా రెండిళ్లకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. మొదటి రోజు అక్కడిదాకా వచ్చి కెమి ఆగింది.

"ఇక వెళ్లు."

"పొద్దు వాలుతోంది. నువ్వొక్కదానివే ఎలా వెళ్తావు? పద, దిగబెడతాను."

వాళ్ల గేటు దగ్గర నిలబడి ఆలోచించింది. "ఇప్పుడు నువ్వు మళ్లీ మా ఇంటికొచ్చినట్టేగా?"

"అయితే?"

"అయితే సాగనంపాలి. మర్యాద ఉండొద్దూ?"

అలా మొదలైంది. ఆమె నన్ను దర్జీ కొట్టు దాకా, నేను ఆమెను గేటు దాకా. చేపల వాసన నుంచి లెక్కల మాస్టారి టోపీ దాకా మాట్లాడని విషయం లేదు. ఒకరోజు జల్లు పడితే కొట్టు చూరు కింద నిలబడ్డాం. మిషను తొక్కుతున్న ముసలాయన కళ్లజోడు పైనుంచి చూశాడు.

"పిల్లలూ, మీకు ఇళ్లు లేవా?"

"ఉన్నాయి తాతా," అంది కెమి, "అదే ఇబ్బంది."

నెలాఖరు శనివారం అమ్మానాన్నలందరినీ స్కూలు హాల్లో కూర్చోబెట్టారు. ప్రాజెక్టు ఆయన, కిమారో, గోడ మీద మ్యాపు వేశాడు. మిగతావాళ్ల గీతలు ఊరంతా తిరిగాయి. మాది ఒకే వీధిలో చిక్కటి పట్టీలా ఉంది.

"ఒక్క సాయంత్రం పంతొమ్మిది సార్లు! ఇది మనిషి నడకా? ఏ మేక కాలికి కట్టారో చెప్పండి. లేకపోతే పేర్లు కొట్టేసి, మోసం చేశారని ఇక్కడే మీ అమ్మానాన్నల చేతికి ఉత్తరం ఇస్తాను."

కెమి నా వైపు వంగింది. "ఒక్క మాట పడితే చాలు, అమ్మ నన్ను బుకోబాలో అమ్మమ్మ దగ్గరికి పంపేస్తుంది," అని గొణిగింది.

బుకోబా అంటే సరస్సుకి అవతలి ఒడ్డు. ఎలా లేచానో తెలియదు, లేచి నిలబడ్డాను.

"మేక లేదు సార్. తను నన్ను సాగనంపేది. నేను తనను దిగబెట్టేవాణ్ణి. తను మళ్లీ సాగనంపేది."

హాలు గొల్లుమంది. వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు.

"మగేసా, నువ్వు ఇంటికెందుకు పోలేదు?"

"పోవాలనిపించలేదమ్మా. తనతో నడుస్తుంటే దారి అయిపోకూడదనిపించేది."

ఆవిడ కూతురి వైపు తిరిగింది.

"నేను సాగనంపమన్నది ఒక్కసారి. రెండోసారి నిన్నెవరు పంపారు?"

మర్యాద కోసం అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కెమి లేచి నిలబడింది.

"ఎవరూ పంపలేదమ్మా. నా అంతట నేనే వెళ్లాను."

ఆవిడ మ్యాపు వంక చూసింది. తర్వాత కిమారోతో అంది.

"పిల్లలు నిజం చెప్పారు. అడుగులు వాళ్లవే. పేర్లు ఉంచండి."

మా వైపు తిరిగి, "పరీక్షలయ్యేదాకా నాకు కనబడేంత దూరంలోనే నడవాలి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత," అంది.

పోటీలో మాకు నాలుగో స్థానం వచ్చింది. ఆ సాయంత్రం స్కూలు గేటు దాటాక వాళ్లమ్మ పది అడుగులు వెనక నడిచింది. కెమి నా మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు కానీ, దారంతా నా పక్కనే నడిచింది.