ప్రభువుకు వీపు చూపిన మనిషి

కుస్కోలో చలి ఎక్కువని కసిల్దా కొడుకు సంచిలో ఇంకో ఉన్ని స్వెట్టర్ కుక్కింది. పైన కాగితంలో చుట్టిన అక్టోబర్ మిఠాయి పెట్టింది. జిప్పు పడలేదు. మోకాలు ఆనించి లాగింది.

"టూరిస్టులకు నాలుగు రాళ్ళు చూపించి రావడానికి ఇంత మూటా అమ్మా?" ఫెర్మిన్ నవ్వాడు.

"మోసేది నువ్వేగా, నాకేం? ఊరేగింపు అయ్యాక ఒకసారి కనిపించి బస్సెక్కు. చెప్పకుండా పోయావో, ఊరుకోను."

ఆమె ఊదారంగు అంగీ, తెల్ల లేసు ముసుగు వేసుకుని ధూపపాత్ర అందుకుంది. లిమాలో ఏటా అక్టోబర్‌లో ఊరేగించే 'అద్భుతాల ప్రభువు' క్రీస్తు పటం పల్లకి ముందు ధూపం వేసే ఆడవాళ్ళు ప్రభువు మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి నడుస్తారు. ఫెర్మిన్ చిన్నప్పుడు ఆమె వసారాలో ఆ నడక నేర్చుకుంటుంటే, గోడకు తగలకుండా నడుం పట్టుకున్నది అతనే. కొడుకు టూరిస్ట్ గైడ్ అనుకుంటుంది ఆమె. ప్రభుత్వ సీక్రెట్ ఏజెంట్ అని తెలియదు.

వీధి చివర కారులో అతని పార్ట్‌నర్ నెలిడా. ఎర్రటి పెదాలు, నల్ల కళ్ళద్దాలు.

"ఈ రోజు పావురాలు ఎగరవు," అంది.

"గద్దలు దిగాయి కాబట్టి. చెప్పు."

"పొరుగు దేశం రాయబారి ప్లాజాలో చెక్క బాల్కనీ మీంచి ఊరేగింపు చూస్తాడు. ఆయన చస్తే సరిహద్దులో యుద్ధం. ఆయుధాలమ్మే విదేశీ ముఠాకు కావలసింది అదే. బాంబు శాన్ ఫ్రాన్సిస్కో చర్చి కింద, ఎముకల గదుల్లో దాచారు. వెళ్ళి తియ్యి."

"నువ్వు?"

"జనంలో ఉంటా. లిమాలో పుట్టినదాన్ని, నాకు ఈ ఊరేగింపు కొత్తా?"

భూగర్భంలో టూరిస్టులు లేరు. పుర్రెలు వలయాలుగా పేర్చిన లోతైన బావి దగ్గర గడ్డి టోపీవాడొకడు కెమెరా ఎత్తాడు.

"గైడ్ గారూ, ఒక ఫోటో!"

ఫెర్మిన్ వంగాడు. కెమెరాలోంచి దూసుకొచ్చిన సూది వెనకున్న పుర్రెలో దిగింది. మరుక్షణం వాడు వెనక చేరి చేతిలోని తీగను ఫెర్మిన్ మెడకు బిగించాడు. చర్మం తెగింది. ఫెర్మిన్ చేతికందిన తొడ ఎముకతో వెనక్కి పొడిచాడు. వాడి కన్ను పోయింది. జుట్టు పట్టుకుని తలను బావి గట్టుకేసి బాదాడు.

"బాంబెక్కడ?"

వాడు నెత్తుటి పళ్ళతో నవ్వాడు. "నిన్నిక్కడికి పంపినదాని చేతిలో. ధూపంలో. పరిగెత్తరా పిచ్చోడా!"

ప్లాజా నిండా ఊదారంగు. పొగలో వందల ధూపపాత్రలు, ఒకేలాంటి తెల్ల ముసుగులు. అందులో ఒకటి నెలిడా. అందులోనే అమ్మ. ఏది ఎవరో పోల్చుకోలేక ఫెర్మిన్ ఒక్కో ముసుగు వైపూ చూస్తూ నడిచాడు. బాల్కనీ దగ్గరపడుతోంది.

అప్పుడు బాగా తెలిసిన గొంతు ఖంగుమంది.

"ఏయ్ పిల్లా! ప్రభువుకు వీపు చూపిస్తావా? ఏ ఊరు తల్లీ నీది? ఇటు తిరుగు!"

బాల్కనీ ఎంత దూరముందో చూసుకోవడానికి ఒకామె ప్రభువుకు వీపు పెట్టి తిరిగి ఉంది. లిమాలో పుట్టిన ఏ ఆడదీ చెయ్యని పని.

ఫెర్మిన్ జనాన్ని తోసుకుని దూకాడు. నెలిడా అంగీ చేతి మడతలోంచి పిస్టల్ పేలింది. కడుపులో నిప్పు దిగినట్టయింది. అయినా ఆమె ధూపపాత్రను వదలకుండా పట్టాడు. వేడి వెండికి అరచేతులు చుర్రుమన్నాయి. ఆమె రెండోసారి గురిపెట్టింది.

కసిల్దా తన ధూపపాత్రను గొలుసుతో గిర్రున తిప్పి ఆమె ముఖాన కొట్టింది. నిప్పులు చెదిరాయి. నెలిడా కేక పెట్టి కూలింది. మళ్ళీ లేవలేదు.

బూడిద కింద టిక్ టిక్. ఫెర్మిన్ పాత్రతో పరుగు తీశాడు.

"ఒరేయ్, నెత్తురు! ఎక్కడికిరా?"

"బస్సు వెళ్ళిపోతోందమ్మా!"

శాన్ ఫ్రాన్సిస్కో చర్చి మెట్ల మీదుగా దొర్లి, బావి అంచు చేరి, లోపలికి విసిరేశాడు. చేతిలోంచి పాత్ర వీడడమూ, పేలడమూ ఒక్కసారే అయ్యాయి.

పైన బాల్కనీలో రాయబారి, బాణసంచా అనుకుని చప్పట్లు కొట్టాడు. మరుసటి వారం నుంచి గైడులు బావి పక్కన కొత్త గుంటను కూడా చూపిస్తున్నారు, పాత భూకంపానిదని చెబుతూ.

అమ్మ సర్దిన సంచి ఇంకా తలుపు పక్కనే ఉంది. ఫెర్మిన్ ఆర్రెసె 1974 అక్టోబర్ 18న ఇంట్లోంచి బయలుదేరాడు. తిరిగి రాలేదు.